ఫలదీకరణమను మాట



నేటి ప్రసంగమునకు విషయము ఒక్క మాట. మాటల యర్థములనుగూర్చి విచారించుట పండితులకు కాలక్షేపమనియు, సేద్యము చేసికొనువారికి దానితో పనిలేదనియు కొందఱు తలంతురు. నేనట్లు తలంపను. వైద్యుడు రోగమునకు పెట్టిన పేరు తప్పైనచో ఇచ్చు మందును తప్పే యగును గదా! పైరునకును అంతియే. కొఱతకు పెట్టిన పేరు తప్పైనచో రైతు చేసిన ఖర్చు వ్యర్థమగును. ఒక్కొక్కప్పుడు నిలువవలసిన పంటయు నిలువక పోవును. అట్టి పొరపాటునకు దారి యిచ్చు మాట యొకటి యున్నది. ఆంగ్లమున దానిని ‘ఫెర్టిలైజేషన్’ అందురు. జీవశాస్త్రమున దానికి సరియైన తెలుగు మాట ‘ఫలదీకరణము’.

ఆ యాంగ్లపదము మూడు వేఱువేఱు పనులకు పేరుగా వాడబడినది. నేలకు సత్తువ కలుగునట్లు ఎరువు వేయుట మొదటి పని. ఒక పూవులోని పుప్పొడి తగిన పూవుయొక్క కీలాగ్రమును చేరుట రెండవ పని. దీనికి పరాగసంపర్కమని పేరు. ఆ పుప్పొడి మోసికొని వచ్చిన పురుషబీజము పూవు గర్భములోని అండముతో ఏకమగుట మూడవ పని, ఇదియే ఫలదీకరణము. మొదటిది నేలలో జరుగును, దానిని చేయువాడు రైతు. రెండవది పూవు పైభాగమున జరుగును, దానిని చేయునవి తేనెటీగలు, తుమ్మెదలు, గాలి. మూడవది కంటికి కానరాక పూవు కడుపులో జరుగును. మూడింటికి మూడు కాలములు, మూడు స్థలములు, ముగ్గురు కర్తలు. ఒకదాని లోపమును మఱియొకదానితో పూడ్చుటకు వీలులేదు.

ఈ మూటిని ఒకే పేరున పిలిచినచో వచ్చు చిక్కును ఉదాహరణముతో మనవి చేసెదను. ఒక రైతు పెరటిలో గుమ్మడిపాదు పెట్టినాడనుకొనుడు. తీగ దడియంతయు ప్రాకినది. పూవులు విరివిగా పూచినవి. కాని పిందెలు గోలీకాయలంత కాగానే పసుపువన్నెకు తిరిగి రాలిపోవుచున్నవి. చదువుకొన్న యువకుడొకడు చూచి, ‘ఇందు ఫెర్టిలైజేషన్ జరుగలేదు’ అని చెప్పినాడు. అతడు చెప్పినది శాస్త్రరీత్యా సత్యమే. కాని రైతు చెవిని పడినది ‘ఫెర్టిలైజర్’. ఎరువుల దుకాణమున ప్రతియేడు వినుచున్న మాట యది. వెంటనే యూరియా తెచ్చి పాదునకు పోసినాడు. నత్రజని మితిమీరిన తీగ ఆకును కాడను పెంచునే గాని పిందెను నిలుపదు. ఆ పాదునకు కావలసినది బస్తా కాదు, ఉదయమున వచ్చి వ్రాలు తేనెటీగ. అది రాకున్నచో ఇంటి యిల్లాలు ప్రొద్దుపొడుపువేళ ఒక మగపూవును కోసి, రెక్కలు తీసివేసి, దాని నడుమనున్న పుప్పొడికాడను ఆడుపూవు నడిమిభాగమునకు మెల్లగా రాచినను చాలును. దానికి దమ్మిడీ ఖర్చు లేదు.

చిత్రమేమనగా, మన పల్లెవారి సొంతమాటలలో ఈ గజిబిజి లేనే లేదు. పశువులను పెంచువారి మాట లాలకింపుడు. బఱ్ఱె ‘ఎదకు వచ్చినది’ అందురు. తరువాత ‘దాటించినాము’ అందురు. పిమ్మట ‘చూడి కట్టినది’ అందురు. కడపట ‘ఈనినది’ అందురు. ఈ నాలుగు మాటలలో ఒకదానిని మఱియొకదానికి బదులుగా వాడు కాపువాడు ఎందును లేడు. పశువైద్యశాలకు తోలుకొనిపోయి వచ్చినవారు సైతము ‘సూది వేయించితిమి గాని చూడి నిలువలేదు’ అని రెండు సంగతులను విడదీసియే చెప్పుదురు. పశువునకు దాటుట యెట్టిదో పూవునకు పరాగసంపర్క మట్టిది. పశువునకు చూడి కట్టుట యెట్టిదో పూవునకు ఫలదీకరణ మట్టిది. పశువునకు దాణా యెట్టిదో పైరునకు ఎరువట్టిది. దాటించని బఱ్ఱెకు దాణా రెట్టింపు చేసినంతమాత్రమున చూడి కట్టునా? ఈ ప్రశ్న వేసినచో చిన్నపిల్లవాడును నవ్వును. కాని అదే పనిని మనము తోటలలో చేయుచున్నాము. కారణము, తోటకు వచ్చుసరికి మన మాటను విడిచి మఱియొకరి మాటను పట్టుకొనుటయే.

చెట్టుచేమలకును మన మాటలు చక్కగా నున్నవి. మొగ్గ, పూత, పిందె, కాయ, దోరకాయ, పండు అని మెట్లు మెట్లుగా చెప్పుదుము. ‘పూత నిలిచినది’ అనుట వేఱు, ‘పిందె కట్టినది’ అనుట వేఱు, ‘గింజ పట్టినది’ అనుట వేఱు. గింజ పట్టని పొట్టునకు ‘తాలు’ అని ప్రత్యేకముగా పేరే కలదు. పూతకును పిందెకును నడుమ ఏదో యొక ఘట్టమున్నదని మన పూర్వు లెఱుగుదురు. ఆ ఘట్టమున జరుగునదేమో మాత్రము కంటికి అందలేదు.

తాటిచెట్టును చూడుడు. పోతుతాడు, పండుతాడు అని మన గీతపనివారు చెట్లను రెండు తెగలుగా విభజింతురు. కల్లు రెండింటినుండియు వచ్చును, ముంజలు మాత్రము పండుతాటికే కాయును. ఈతచెట్లలోను ఈ భేదమున్నది. ఈతకు దగ్గఱి చుట్టమైన ఖర్జూరమును పెంచిన మెసపొటేమియా దేశస్థులు మగచెట్టు పూగుత్తిని కోసి ఆడచెట్టు పూవులపై దులుపు పద్ధతిని మిక్కిలి ప్రాచీనకాలముననే యెఱిగియుండిరి. క్రీస్తునకు పూర్వము 4వ శతాబ్దిలో గ్రీకుపండితుడైన థియొఫ్రాస్టసు ఆ పద్ధతిని తన వృక్షగ్రంథమున వర్ణించినాడు. పని తెలిసినది, పనివలని ఫలము తెలిసినది. లోపల జరుగు క్రియకు తగిన పేరు మాత్రము పుట్టలేదు.

మన సంస్కృతపదములనుగూర్చియు నిష్పక్షపాతముగా చెప్పవలయును. మాటల కలయిక ఆంగ్లమునకే పరిమితమైన దోషము కాదు. ‘దోహదము’ అను పదమును తీసికొనుడు. గర్భిణీస్త్రీకి కలుగు కోరిక దోహదము. చెట్లు పూచి కాచుటకై చేయు సంస్కారమును దోహదమే. అశోకము పడతి పాదతాడనమువలనను, వకుళము ఆమె పుక్కిట మద్యమువలనను పూచునని కవులు సమయముగా చెప్పుచుండిరి. 6వ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున మేకపెంట, గొఱ్ఱెపెంట, నువ్వులు మొదలగువానితో చెట్లకు చేయు ఉపచారములను చెప్పియున్నాడు. అనగా చెట్టు కాయకపోవుటకు పోషణలోపమే ముఖ్యకారణమని ఆనాటి తలంపు. పుప్పొడి పని యేమో తెలియని దినములలో అంతకుమించి చెప్ప వీలులేదు. పరాగమను పదము కావ్యములలో కోకొల్లలుగా నున్నది. కాని అది సువాసనగల ధూళియే గాని మగబీజమును మోయు వాహనముగా కనబడదు. పుప్పొడిని సంస్కృతమున రజస్సు అనియు అందురు. స్త్రీని పుష్పవతి యనియు అందురు. పూవును, దాని ధూళిని, అంతయు స్త్రీపక్షముగనే మనవారు భావించినట్లు ఈ మాటలే తెలుపుచున్నవి.

పుప్పొడి మగబీజమునకు సంబంధించినదని ప్రయోగపూర్వకముగా చెప్పినవాడు జర్మనీదేశపు కమెరారియసు. 1694లో అతడు వ్రాసిన లేఖయందు, మగచెట్ల పొత్తు లేని ఆడుచెట్లకు మొలకెత్తు విత్తనము కలుగదని నిరూపించెను. 1793లో స్ప్రెంగెలను ఉపాధ్యాయుడు పూవుల రంగును, తేనెయు, గీతలును కీటకములను పిలుచుటకే యేర్పడినవని గ్రంథము ప్రకటించెను. 1824లో ఇటలీదేశపు అమీచి సూక్ష్మదర్శినిలో పుప్పొడిరేణువునుండి సన్నని గొట్టము మొలచుటను చూచెను. పరాగనాళమన నదియే. అప్పటికిని, ఆ గొట్టము లోపలికి పోయి యేమి చేయునో నిశ్చయము కాలేదు.

ఈ దశలోనే ఆంగ్లపదము శాస్త్రమున ప్రవేశించినది. ‘ఫెర్టైల్’ అను మాటకు లాటిన్ మూలమున ‘మోయుట, కాచుట’ అని యర్థము. మనము చెట్టు ‘కాపు’నకు వచ్చినది అనుట వంటిది. మొదట అది పండు నేలకు చెప్పిన మాట. నేలను సారవంతము చేయుటయే ‘ఫెర్టిలైజేషన్’. 19వ శతాబ్ది నడిమికాలమున జీవశాస్త్రజ్ఞులు దానిని మొక్కలకును జంతువులకును వాడ మొదలిడిరి. 1862లో చార్లెస్ డార్విన్ ఆర్కిడ్ పూవులనుగూర్చి వ్రాసిన గ్రంథపు పేరులోనే, అవి కీటకములచేత ‘ఫెర్టిలైజ్’ చేయబడు ఉపాయములు అని యున్నది. కీటకము చేయునది పుప్పొడిని మోయుట మాత్రమే. లోపలి సంయోగమును కీటకము చేయజాలదు. కనుక డార్విన్ వాడిన ఆ మాటకు నేటి తెలుగున ‘పరాగసంపర్కము’ అనియే యర్థము చెప్పవలయును. పుప్పొడి చేరుటకు ప్రత్యేకముగా ‘పాలినేషన్’ అను ఆంగ్లపదము ఆ శతాబ్ది ఉత్తరార్ధముననే వాడుకకు వచ్చినది. ప్రాతగ్రంథములను తెనిగించువారు ఈ సంగతి నెఱుగక అంతటను ‘ఫలదీకరణము’ అని వ్రాసినచో తుమ్మెద చేయని పనిని తుమ్మెదకు అంటగట్టినవా రగుదురు.

లోపలి పని బయటపడినది ఆ తరువాతనే. 1876లో జర్మనీదేశపు ఆస్కార్ హెర్ట్విగ్, సముద్రములోని ముండ్లజీవియగు సీ అర్చిన్ అండమున తాను చూచిన సంగతిని ప్రకటించెను. మగబీజపు కేంద్రకమును అండపు కేంద్రకమును రెండును చేరి ఒక్కటగుచున్నవి. 1884లో స్ట్రాస్‌బర్గర్ పూవుల మొక్కలయందును ఇట్టి కలయికయే జరుగునని చూపెను. 1898లో రష్యాసామ్రాజ్యమునందలి కీవ్ నగరమున నవాషిన్ అను శాస్త్రజ్ఞుడు ఇంకొక వింతను కనిపెట్టెను. పూవుల మొక్కలలో పరాగనాళము రెండు మగబీజములను తెచ్చును. ఒకటి అండముతో కలిసి మొలకయగును. రెండవది వేఱొక కేంద్రకముతో కలిసి ఆ మొలకకు ఆహారమగును. దీనికి ద్విఫలదీకరణమని పేరు. మహాశయులారా, మనము తిను జొన్నరొట్టెలోని పిండియు, వరియన్నములోని మెతుకును చాలవఱకు ఆ రెండవ కలయికవలన పుట్టినవే. కంకిలోని ప్రతిగింజకును ఈ కార్యము వేఱువేఱుగా జరుగవలయును.

ఇక తెలుగు మాటకు వత్తము. సంస్కృతవ్యాకరణమున ‘చ్వి’ యను ప్రత్యయ మొకటి కలదు. ముందు లేని దశ క్రొత్తగా కలుగుటను అది తెలుపును. శుక్లము కానిదానిని శుక్లముగా చేయుట శుక్లీకరణము. ఫలద మనగా ఫలము నిచ్చునది. ముందు ఫలమీయజాలనిదానిని ఫలమిచ్చునదిగా చేయుట ఫలదీకరణము. చ్వి ప్రత్యయమువలననే ‘ద’లోని అకారము ఈకారమైనది. ఒంటరిగానున్న అండము ఫలమీయజాలదు. మగబీజముతో కలిసిన మఱుక్షణమునుండి ఫలమీయగలదు. ఈ మార్పునే ఆ యొక్క యక్షరము చెప్పుచున్నది. హిందీవారు వాడు ‘నిషేచన’ శబ్దమునకు చిలుకరించుట యని ధాత్వర్థము. అది బీజమును చేర్చుటను సూచించునే గాని కలయికను సూచింపదు. గర్భాధానమన్నచో అది షోడశకర్మలలో మొదటిదైన సంస్కారమునకు రూఢియైన పేరు. వీనితో పోల్చి చూచినచో మన తెలుగు శాస్త్రకారులు గ్రహించిన మాట బాగుగనే యున్నది.

మా నారాయణఖేడ్ ప్రాంతమువారికి ఈ విచారము మఱింత రుచించును. 1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణము జరుగువఱకు ఈ తాలూకా బీదరు జిల్లాలోనిది. పిమ్మట మెదకు జిల్లాలో చేరినది. 2016నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. సంతకు పోయినచో తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ నాలుగును వినవచ్చును. ఈ నాలుగు భాషలలోను శాస్త్రపదము ఎట్లున్నదో చూడుడు. కన్నడమున ‘ఫలీకరణ’ యనియు, మరాఠీలో ‘ఫలన’ యనియు, ఉర్దూలో ‘బారావరీ’ యనియు అందురు. బార్ అనగా ఫలము, భారము. ఆవరీ యనగా తెచ్చుట. నాలుగును ‘కాపునకు వచ్చుట’ యను నొక్క భావముమీదనే నిలిచినవి. మఱి పొలమునకు వేయుదానికో? కన్నడమున గొబ్బర, మరాఠీలో ఖత, ఉర్దూలో ఖాద్, తెలుగున ఎరువు. నాలుగు భాషలలో నొక్కదానియందును ఎరువు మాటకును ఈ శాస్త్రపదమునకును పోలికయే లేదు. మన భాషలు కలుపని రెంటిని మనమేల కలుపవలయును?

ఇట్టి పదములు ఒక్కనాడు పుట్టినవి కావు. 1906లో హైదరాబాదున కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు మిత్రులతో కలిసి విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించి, శాస్త్రవిషయములను తెలుగున చెప్పవచ్చునని గ్రంథముల మూలమున చూపిరి. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము తన తొలికాలమున సకలశాస్త్రములను ఉర్దూలో బోధించుచు, పదనిర్మాణమునకై ప్రత్యేకముగా అనువాదశాఖను నడపెను. 1968లో తెలుగు అకాడమి యేర్పడి కళాశాలలకు తెలుగు పాఠ్యగ్రంథములను ప్రకటింప మొదలిడెను. ఇందఱి శ్రమవలన మన చేతికి వచ్చిన మాటలను పరీక్షలకు మాత్రమే వాడి, పొలముగట్టున విడిచిపెట్టుట న్యాయము కాదు.

ఈ మాటకు ఆక్షేపణలు లేకపోలేదు. అరటిపండునందు గింజ లేదు. ఫలదీకరణము లేకయే అది కాయుచున్నది. మఱి ఫలదీకరణము లేనిదే ఫలము లేదనుట యెట్లు? అట్లే చేపకును, పశువునకును ఫలమెక్కడిది? వీనికి సమాధానము కలదు. ఫలమనగా చెట్టు కాయయే కాదు. కర్మఫలము, శ్రమఫలము అనునప్పుడు పరిణామమని యర్థము. అండము జీవిగా పరిణమించుటయే ఇచ్చట ఫలము. అరటి విషయమున పండు కలిగినది గాని మొలకెత్తు విత్తనము కలుగలేదు. అందువలననే అరటిని గింజతో గాక పిలకతో నాటుచున్నాము. ఆక్షేపణయే మాటకు సాక్ష్యమైనది.

పైరులలో ఈ భేదమును కంటితో చూపు గుఱుతులు కొన్ని చెప్పెదను. మొక్కజొన్నపొత్తుపై వ్రేలాడు పీచులో ఒక్కొక్క పోగు ఒక్కొక్క గింజకు చెందినది. ఏ పోగునకు పుప్పొడి అందలేదో ఆ గింజ యుండవలసిన చోటు పండ్లూడిన చిగురువలె బోసిగా నుండును. పొద్దుతిరుగుడు పువ్వు నడుమ గింజలు తాలుపోవుటకు తేనెటీగల కొఱత యొక ముఖ్యకారణము. పూవు విచ్చిన దినములలో ఉదయమున మెత్తని గుడ్డతో పూవుముఖమును మెల్లగా రుద్దుడని వ్యవసాయశాస్త్రజ్ఞులు చెప్పుట అందులకే.

మన జిల్లాలోనే పటాన్‌చెరువునందు 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ పరిశోధనాలయము కలదు. కందిపూవు చాలవఱకు తన పుప్పొడితో తానే ఫలించును. అయినను తేనెటీగలవలన పరపుప్పొడియు కొంత చేరును. ఈ గుణము నాధారముచేసికొని అచ్చటి శాస్త్రజ్ఞులు పుప్పొడి లేని కందితల్లిని తయారుచేసి, ప్రక్కసాళ్ల కందినుండి ఈగలు పుప్పొడి మోసికొనివచ్చునట్లు చేసి, సంకర విత్తనమును సాధించిరి. అట్టి ఐ.సి.పి.హెచ్. 2671 అను రకము 2010లో మధ్యప్రదేశమున విడుదలైనది. ఆ విత్తనపు మడిలో ఎంత ఎరువు కుమ్మరించినను ఈగ రానిచో కాయ లేదు. పత్తిలోనైతే ఈగ పనిని మనుష్యుడే చేయుచున్నాడు. 1970లో గుజరాతునందలి సూరత్తులో సి. టి. పటేల్‌గారు హైబ్రిడ్-4 అను సంకరపత్తిని తెచ్చిరి. నాటినుండి సాగిన పద్ధతి ప్రకారము, గద్వాల ప్రాంతపు విత్తనపత్తి చేలలో సాయంకాలము మొగ్గనుండి పుప్పొడి భాగమును గోటితో తీసివేసి, మఱునాటి ఉదయమున మగపూవును రాచుదురు. దానిని వారు ‘క్రాసింగు’ అందురు. మాట పరాయిదైనను వారికి దాని యర్థము స్పష్టము. ఎరువుతో దానిని వా రెన్నడును కలుపరు.

చేతితో పుప్పొడి రాచుట యెంత గొప్ప పనియో తెలుపు వృత్తాంత మొకటి కలదు. హిందూమహాసముద్రమునందలి రియూనియన్ దీవిలో వనిల్లా తీగలు పూచియు కాయవయ్యెను. దాని సొంతదేశమగు మెక్సికోలోని కీటకములు ఆ దీవిలో లేవు. 1841లో 12 ఏండ్ల బానిసబాలుడు ఎడ్మండ్ అల్బియసు చిన్నపుల్లతో పూవులోని పొరను ఎత్తి పుప్పొడిని వ్రేలితో అదిమి కాయింపగలిగెను. నేటికిని వనిల్లా తోటలలో ఆ చేతిపనియే నడచుచున్నది. ఆ తీగలకు కొఱవడినది ఎరువు కాదని గ్రహించుటయే ఆ బాలుని విజయము.

ఇంతవఱకు చెట్టుచేమల మాట. ఈ పదము మన ఇండ్లలోని వ్యవహారమునకును సంబంధించినది. పురుషుడు బీజము, స్త్రీ క్షేత్రము అను ఉపమానము ప్రాచీనమైనది. ఉపమానమును ఉపమానముగా నుంచక శాస్త్రముగా గ్రహించినందున పెద్దకీడు కలిగినది. విత్తనము పూర్ణమైనది, పంట రాకున్న దోషము నేలదే యని తలంచి, సంతానము లేనిచో ఇల్లాలినే గొడ్రాలని నిందించిరి. ఆడుపిల్లలే కలిగినచో ఆమెనే దూఱిరి. 1876నాటి పరిశోధన ఈ ఉపమానమును కూలద్రోసినది. స్త్రీ నేల కాదు. ఆమె యండమును, పురుషబీజమును రెండును సగము సగము కలిసి ఒకటైనగాని జీవి లేదు. కలయికలో లోపము ఇరువురిలో నెవ్వరివలననైనను కలుగవచ్చును. కావున వైద్యులు దంపతు లిద్దఱిని పరీక్షింతురు. శిశువు ఆడో మగో నిర్ణయించు భాగము తండ్రి బీజముతో వచ్చునదేగాని తల్లి అండముతో వచ్చునది కాదు. 1905లో నెట్టీ స్టీవెన్స్ అను విదుషి పిండిపురుగులయందు ఈ రహస్యమునకు దారి చూపినది. 1978లో ఇంగ్లాండున శరీరము వెలుపల, గాజుపాత్రలో ఫలదీకరణము జరిపించి తల్లిగర్భమున నిలిపిన తొలిశిశువు జన్మించినది. గ్రామములలో తగవులు తీర్చు పెద్దలు ఈ సంగతిని తెలిసికొన్నచో ఎన్నియో ఇండ్లలో నిరపరాధినుల కన్నీరు తుడిచినవారగుదురు. ఫలదీకరణమన్న మాటకు విత్తుట యని గాక కలయిక యని యర్థము చెప్పుట ఇంతటి పని చేయును.

కావున నా మనవి యిది. పైరు కాయనప్పుడు తొందరపడక మూడు ప్రశ్నలు వేసికొనవలయును. ఆకు పాలిపోయి మొక్క గిడసబాఱినదా? అప్పుడు ఎరువు సంగతి విచారింపుడు. నేల పరీక్ష చేయింపుడు. మొక్క ఏపుగా నుండి, పూచి, పిందె నిలువకున్నదా? అప్పుడు పుప్పొడి మోయువారు వచ్చుచున్నారో లేదో చూడుడు. పుప్పొడి చేరియు పిందె నిలువలేదా? అప్పుడు మితిమీరిన యెండయో, నీటి యెద్దడియో, విత్తనపు రకమో లోపలి కలయికను చెఱచియుండవచ్చును, తెలిసినవారిని అడుగుడు. పురుగుమందు చల్లవలసివచ్చినచో పూవు విచ్చియున్న వేళను తప్పింపుడు. గుమ్మడిపూవు ఉదయమున విచ్చును. బీర, ఆనప పూవులు సాయంకాలమున విచ్చును. ఆ వేళలలో చల్లిన మందు పురుగుతోపాటు మన కూలి అడుగని పనివానినికూడ చంపును. గట్టుమీది చెట్టునకు పట్టిన తేనెపట్టును పొగబెట్టి తగులబెట్టుటకు ముందు, అది ఎందఱి చేలకు పని చేయుచున్నదో ఒక్కమాఱు తలపోయుడు.

బడిలో పిల్లలకు పాఠము చెప్పు యువకులకు ఒక్కమాట. ఎరువును ఎరువనుడు, పుప్పొడి చేరుటను పరాగసంపర్క మనుడు, లోపలి కలయికను ఫలదీకరణ మనుడు. మాట పొడుగైనదని జంకవలదు. దాటుట, చూడి కట్టుట, దాణా పెట్టుట అను మూడు మాటలతో పోల్చి చెప్పినచో మందమతియైన బాలుడును మఱువడు. ఆ బాలుడు ఇంటికి పోయి తండ్రితో చెప్పును; తండ్రి పొలమున దానిని వాడుకొనును.